కాపురానికి అనుమతి, పనికి నిషేధమా?

ఉద్యోగి ఎవరిని పెండ్లాడవలెనన్నది అతని సొంత విషయమనీ, అందులో యూనియన్ కల్పించుకోవలసిన పని లేదనీ చాలాకాలంగా మనలో ఒక అభిప్రాయం పాతుకొని ఉన్నది. జీతభత్యాలు, డ్యూటీ గంటలు, బదిలీలు, పదోన్నతులు, పింఛను వరకే మన పరిధి అనీ, ఇంటి గుమ్మం దాటిన తర్వాత సంగతి ఆ కుటుంబానిదే అనీ అనుకుంటూ వచ్చాము. ఈ అభిప్రాయాన్ని సవరించుకోవలసిన సమయం వచ్చినదని మేము భావిస్తున్నాము. ఎందుచేతనంటే, ఆ గుమ్మం దాటి ప్రభుత్వం ఏనాడో ఇంటిలోకి ప్రవేశించినది. బయట నిలిచిపోయినది మనమే.

తపాలా ఉద్యోగులకు వర్తించే 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిని గాని, రైల్వే ఉద్యోగులకు వర్తించే 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమావళిని గాని తెరచి చూడండి. రెండింటిలోనూ 21వ నియమం వివాహానికి సంబంధించినది. భార్య జీవించి ఉండగా మరొకరిని పెండ్లాడరాదన్న నిషేధం అందరికీ తెలుసు. కాని దాని మూడవ ఉపనియమాన్ని చదివినవారు మన కార్యకర్తలలో సైతం తక్కువ. భారత జాతీయురాలు కాని స్త్రీని, లేదా భారత జాతీయుడు కాని పురుషుని వివాహమాడిన ఉద్యోగి ఆ విషయాన్ని వెంటనే ప్రభుత్వానికి తెలియజేయవలెనని అది శాసిస్తున్నది. తెలియజేయవలెనని ఉన్నదే తప్ప అనుమతి పొందవలెనని అందులో లేదు. ఈ రెండు మాటలకూ ఉన్న వ్యత్యాసం చిన్నది కాదు. ఒకటి సమాచారం, మరొకటి యాచన. ఆచరణలో ఎందరో అధికారులు మొదటిదానిని రెండవదిగా మార్చివేస్తున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇట్టి సందర్భంలో పుట్టినదే.

2025 మే నెలలో కేంద్ర సాయుధ పోలీసు దళానికి చెందిన ఒక జవానును ఉద్యోగం నుండి తొలగించారు. పాకిస్తాన్ జాతీయురాలితో వివాహాన్ని దాచాడనీ, వీసా గడువు తీరిన పిదప ఆమెకు ఆశ్రయమిచ్చాడనీ అభియోగం. తాను ముందుగానే పై అధికారులకు తెలియజేశానని అతని వాదన. ఆ వివాదంలో నిజానిజాలు తేల్చవలసినది మేము కాదు. అందులో మన సభ్యులందరూ గ్రహించవలసిన పాఠం మాత్రం ఒకటున్నది. తెలియజేసినట్లు చేతిలో రసీదు లేని ఉద్యోగికి అతని నోటిమాట రక్షణ కాజాలదు.

సరే, ఉద్యోగి తన విధిని నిర్వర్తించాడనుకొందాము. అందుకు ప్రతిగా అతని కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చేదేమిటి?

స్వదేశంలో వివాహమైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం, విదేశంలోనైతే 1969 నాటి విదేశీ వివాహ చట్టం ఉన్నవి. ప్రత్యేక వివాహ చట్టం క్రింద ఇద్దరిలో ఒకరైనా 30 రోజులు నివసించిన జిల్లాలో వివాహాధికారికి నోటీసు ఇవ్వవలెను. ఆక్షేపణల కోసం మరి 30 రోజులు వేచియుండవలెను. పెండ్లి అయిన తర్వాత భర్త వెంట కాపురానికి వచ్చిన స్త్రీకి ఎంట్రీ వీసా ఇస్తారు. దీర్ఘకాలం ఉండదలచిన విదేశీయులు అధికారుల వద్ద నమోదు కావలెనన్న బాధ్యత కూడా ఉన్నది. 1920, 1939, 1946 నాటి పాత శాసనాల స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టంలోనూ ఆ బాధ్యత కొనసాగుతున్నది.

ఈ ఎంట్రీ వీసా కాపురానికి అనుమతి మాత్రమే. పని చేసుకొని బ్రతికే హక్కు దానితో పాటు దానంతటది రాదు. ఉద్యోగం చేయవలెనంటే విడిగా అనుమతి కోరవలెను. సాధారణ ఉద్యోగ వీసా మార్గం చూతమా అంటే, కొన్ని మినహాయింపులు తప్ప, ఏటా 16 లక్షల 25 వేల రూపాయల జీతం ఉండవలెనన్న షరతు అడ్డు నిలుస్తుంది. పెద్ద కంపెనీల విదేశీ నిపుణులను దృష్టిలో ఉంచుకొని పెట్టిన కొలబద్ద అది. 7వ వేతన సంఘం సిఫారసులపై 2016 నుండి అమలైన కనీస మూలవేతనం నెలకు 18,000, అనగా ఏడాదికి 2 లక్షల 16 వేలు. ట్రాక్ మెయింటెయినర్ భార్య ఒక బడిలో పాఠాలు చెప్పుకోవలెనన్నా, కుట్టుపని కార్ఖానాలో చేరవలెనన్నా, భర్త మూలవేతనానికి ఏడింతలకు పైగా జీతం చూపవలెనన్నమాట!

తర్వాతి మెట్టు ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు. భారత పౌరుని విదేశీ భార్య లేక పౌరురాలి విదేశీ భర్త, వివాహం నమోదై, అది దరఖాస్తుకు ముందు రెండేళ్లపాటు ఎడతెగక నిలిచి ఉంటే, భద్రతా పరిశీలన పిమ్మట ఈ కార్డు పొందవచ్చును. 2015 నాటి సవరణ ఈ అవకాశం కల్పించినది. ఇది జీవితాంతపు వీసా. దీనితో ప్రైవేటు రంగంలో ఉద్యోగం చేసుకోవచ్చును. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనరాదు, ప్రభుత్వోద్యోగంలో సమానావకాశం లేదు. అయినా బ్రతుకు తెరువుకు ఒక ద్వారం తెరుచుకొంటుంది. కాని పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులుగా ఉన్నవారికీ, ఒకప్పుడు ఉండినవారికీ ఈ ద్వారం ఎన్నేళ్లు కాపురం చేసినా తెరుచుకోదు. వారు దీర్ఘకాలిక వీసాల మీదనే కాలం గడపవలెను. పహల్‌గామ్ ఘాతుకం తర్వాత 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ జాతీయుల వీసాలు రద్దయినప్పుడు, అట్టారీ సరిహద్దు వద్ద తల్లి ఒకవైపు, బిడ్డలు ఒకవైపు నిలిచిన దృశ్యాలను దేశమంతా చూచినది. ఆ ఘాతుకాన్ని ఖండించడంలో మేము ఎవరికీ తీసిపోము. కాని పాలు తాగే బిడ్డ ఎవరి కుట్రలోనూ భాగస్వామి కాదు.

చివరి మెట్టు పౌరసత్వం. ఈ మెట్టును ఏటికేడు ఎట్లు ఎత్తు పెంచుతూ వచ్చారో కార్మికులు తెలిసికొనవలెను. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం భారత పౌరుని వివాహమాడిన స్త్రీ నమోదు ద్వారా పౌరురాలు కావచ్చును. నిర్ణీత నివాసకాలం ఏదీ విధించలేదు. అయితే ఆ హక్కు స్త్రీలకే. భారత స్త్రీ విదేశీయుని పెండ్లాడితే అతనికి లేదు. 1986లో ఈ వివక్షను తొలగించి “స్త్రీలు” అన్నచోట “వ్యక్తులు” అని వ్రాశారు. మంచిదే. కాని అదే కలంపోటుతో అందరికీ ఐదేళ్ల నివాసాన్ని విధించారు. 2003 సవరణ ఆ ఐదును ఏడు చేసినది.

బ్రిటన్‌లోనూ ఇదే జరిగినది. అక్కడ చట్టబద్ధంగా స్థిరపడిన ముగ్గురు స్త్రీలు తమ భర్తలను రానివ్వనందుకు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. పురుషుని భార్యకు ఒక న్యాయం, స్త్రీ భర్తకు మరొక న్యాయం చెల్లదని 1985 మే నెలలో తీర్పు వచ్చినది. అంతట ఆ ప్రభుత్వం భర్తలకు ద్వారం తెరచుటకు బదులు, భర్తలకు ఉన్న ఆంక్షలనే భార్యలకూ తగిలించి సమానత్వం సాధించామన్నది. కూలి రేట్లు సమానం చేయమంటే ఎక్కువ ఉన్నవారి కూలి తగ్గించే యజమానిని మనం ఎరుగుదుము. పాలకుల సమానత్వానికి ఎల్లెడలా అదే లెక్క.

అన్నిటికంటె ఘోరమైనది 2003 సవరణలో ఎవరి కంటా పడకుండా జారిపోయిన ఒక మాట. అంతకు పూర్వం చట్టం పౌరుని “వివాహమాడిన, లేక వివాహమాడి ఉండిన” వారికి అవకాశమిచ్చినది. అనగా భర్త మరణించినా ఆమె దరఖాస్తు చేసుకోవచ్చును. ఇప్పుడు ఉన్నది పౌరునితో వివాహబంధంలో ఉన్న వ్యక్తి అని మాత్రమే. అక్షరార్థం తీసుకుంటే, ఆరేళ్ల పదకొండు నెలలు కాపురం చేసిన తర్వాత భర్త కన్నుమూస్తే, ఆ వితంతువు మెట్లన్నీ దిగి మొదటికి రావలెను. మిగిలేది సహజీకరణ మార్గం. దానికి మొత్తం 12 ఏళ్ల నివాసం కావలెను.

ఇది పుస్తకాల నుండి ఏరి తెచ్చిన ఊహ కాదు. కొన్నేళ్ల క్రితం మా కార్యాలయానికి ఒక స్త్రీ తన మరిదిని వెంటబెట్టుకొని వచ్చినది. భర్త రైల్వే మెయిల్ సర్వీసులో సార్టర్. సర్వీసులో ఉండగానే గుండె ఆగి మరణించాడు. ఆమె శ్రీలంక జాతీయురాలు. పెండ్లి నమోదైనది, నాలుగేళ్ల కాపురం, ఇద్దరు పిల్లలు, ఇద్దరూ భారత పౌరులే. కారుణ్య నియామకానికి దరఖాస్తు పెడితే పౌరసత్వ పత్రం తెమ్మన్నారు. వీసా పొడిగింపునకు వెళితే భర్త సంతకం అడిగారు. మరణ ధ్రువపత్రం చూపితే పై ఉత్తర్వుల కోసం వేచియుండమన్నారు. ఇరుగుపొరుగువారి బట్టలు కుట్టి పిల్లలను సాకుతున్నానని చెబుతూ, అది కూడా నేరమవుతుందేమోనని ఆమె గొంతు తగ్గించినది.

మేము ఆ నాడు సిగ్గుపడిన కారణం వేరు. వివాహమైన రెండేళ్లకే ఆమె ఓ.సి.ఐ. కార్డుకు అర్హురాలు. ఆ సంగతి భర్తకు తెలియదు. శాఖా కార్యదర్శికి తెలియదు. మాకూ అప్పటికి స్పష్టంగా తెలియదు. మిగిలిన రెండేళ్లూ వృథాగా జారిపోయినవి. నిలిచి ఉన్న వివాహాన్ని ఆధారం చేసుకొన్న దరఖాస్తును భర్త పోయిన తర్వాత పెట్టుటకు వీలులేకపోయినది. పదోన్నతి జాబితాలో ఒక్క పేరు తారుమారైతే రాత్రికి రాత్రి మెమొరాండం తయారు చేసే మనం, ఒక సభ్యుని ఇంటిలో గడచిపోతున్న గడువును గమనించలేదు. ఈ తప్పులో అధికారుల వాటా ఎంతో చెప్పవలసినదే. మన వాటాను కూడా ఒప్పుకొనవలెను.

కారుణ్య నియామకం విషయం మరికొంత వివరించవలసి ఉన్నది. కుటుంబ పింఛనుకు ఆధారం వివాహబంధం. ఉద్యోగానికి మాత్రం జాతీయతా నిబంధన అడ్డు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలలో భారత పౌరులతో పాటు నేపాల్, భూటాన్ ప్రజలకూ, 1962 జనవరి 1కి ముందు వచ్చిన టిబెట్ శరణార్థులకూ, శాశ్వతంగా స్థిరపడే ఉద్దేశంతో పాకిస్తాన్, బర్మా, శ్రీలంక, తూర్పు ఆఫ్రికా దేశాలు మొదలైన చోట్ల నుండి వలస వచ్చిన భారత సంతతివారికీ అర్హతా పత్రంతో అవకాశమున్నది. 1950 జూలై 31న కుదిరిన భారత - నేపాల్ శాంతి మైత్రీ ఒడంబడిక వలన నేపాల్ కోడలికి వీసా సమస్యే లేదు. అనగా విదేశీయులకు ఉద్యోగమివ్వడం అసాధ్యమేమీ కాదు. చేయదలచినచోట ప్రభుత్వం చేస్తూనే ఉన్నది. భారత ప్రభుత్వ సేవలో ప్రాణం విడిచిన ఉద్యోగి భార్యను మాత్రం ఆ జాబితాలో చేర్చుటకు ఎవరికీ తోచలేదు.

ఇక మనకు ఎదురయ్యే ఆక్షేపణలు మూడు.

మొదటిది దేశభద్రత. భద్రతా పరిశీలనను మేము వద్దనుట లేదు. ఓ.సి.ఐ.కి పరిశీలన ఉన్నది, పౌరసత్వానికి ఉన్నది. పరిశీలన ముగిసి, దేశంలో నివసించుటకు తగినదని ప్రభుత్వమే తేల్చిన స్త్రీ, పని చేసినంత మాత్రాన ప్రమాదకారి ఎట్లవుతుంది? ఇంటిలో కూర్చుంటే నిరపాయం, కుట్టుమిషను ముందు కూర్చుంటే అపాయమా?

రెండవది నిరుద్యోగం. మన పిల్లలకే ఉద్యోగాలు లేవు, విదేశీయులకెందుకని కొందరు సోదరులు అడుగుతున్నారు. వారి ఆవేదన మాకు తెలుసు. కాని రైల్వేలలో ఖాళీలు భర్తీ కాకపోవుటకు గాని, తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవకులు పూర్తి ఉద్యోగులుగా గుర్తింపు పొందకపోవుటకు గాని కారణం మన కోడళ్లు కారు. పైగా చట్టబద్ధంగా పని చేయనివ్వని మనిషి పని మానదు. చాటుగా, సగం కూలికి చేస్తుంది. సగం కూలికి దొరికే మనిషి ఉన్నంతకాలం తక్కినవారి కూలి పెరగదు. పని హక్కు లేని మనిషి యజమానికి వరం, కార్మికోద్యమానికి శాపం.

మూడవది, ఇట్టి కుటుంబాలు ఎన్ని ఉంటాయన్నది. ఎన్ని ఉన్నా అవి మన కుటుంబాలు. తెలుగువారికి ఈ సమస్య కొత్తది కూడా కాదు. మన తూర్పు తీరం నుండి రంగూన్ రేవుకూ, బియ్యపు మిల్లులకూ పోయిన కూలీలు తరతరాలు అక్కడ బ్రతికారు. 1962లో సైనిక పాలన వచ్చిన తర్వాత వేలాదిగా కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ ఆ కథ చెబుతున్నది. సరిహద్దు గీతలు కాపురాల మధ్య నుండి పోతాయని ఆ పేట పెద్దలకు ఎవరూ బోధించనక్కరలేదు.

నేడు మన సభ్యుల పిల్లలు ఎందరో అమెరికాలో ఉన్నారు. చదువుకొన్న ఆడపిల్లలు భర్తల ఉద్యోగ వీసాలపై ఆధారపడిన హెచ్-4 వీసాతో వెళ్లి, పని చేసే హక్కు లేక ఏళ్ల తరబడి నాలుగు గోడల మధ్య కూర్చున్నారు. 2015 మే 26 నుండి మాత్రమే, అదీ భర్తకు శాశ్వత నివాస ప్రక్రియ కొంత దూరం సాగినచోట మాత్రమే, వారికి పని అనుమతి లభించినది. దానిని కూడా రద్దు చేయించుటకు అక్కడ వ్యాజ్యాలు నడచినవి. అప్పుడు మనమంతా అది అన్యాయమన్నాము, నిజంగానే అన్యాయం. అమెరికాలో మన కూతురికి కోరిన న్యాయాన్ని మన ఇంటికి వచ్చిన పరాయి తల్లి కూతురికి ఇవ్వమంటున్నాము. అంతకు మించినది ఏదీ కోరుట లేదు.

రాజ్యాంగం సైతం మన పక్షాననే ఉన్నది. 19వ అధికరణం పౌరులకే పరిమితం కావచ్చును. కాని 21వ అధికరణం పౌరులని అనలేదు, వ్యక్తులన్నది. ఈ సత్యాన్ని సుప్రీంకోర్టు 2000 జనవరిలో స్వయంగా రైల్వే బోర్డుకే చెప్పినది. హౌరా యాత్రీ నివాస్‌లో బంగ్లాదేశ్ స్త్రీపై జరిగిన అత్యాచారం విషయమై రైల్వే బోర్డు ఛైర్మన్ వర్సెస్ చంద్రిమా దాస్ అన్న కేసులో, ఆమె విదేశీయురాలైనా గౌరవంగా జీవించే హక్కు గలదని నిర్ణయించి, 10 లక్షల పరిహారాన్ని ఖాయం చేసినది. ఆ నేరంలో రైల్వే సిబ్బంది పాత్ర ఉండినదన్న చేదు నిజాన్ని కూడా మనం మరువరాదు. గౌరవంగా జీవించుట అన్న మాటలో కష్టపడి సంపాదించుకొనుట లేకపోతే ఆ గౌరవానికి అర్థమేమిటి?

కావున ఈ క్రింది కోర్కెలను ప్రభుత్వం ముందుంచుతున్నాము.

1. భారత పౌరుని విదేశీ భార్యకు, పౌరురాలి విదేశీ భర్తకు ఇచ్చే వీసాతో పాటే, జీతం షరతు లేకుండా, పని చేసే హక్కు ఇవ్వవలెను.

2. పౌరసత్వ నమోదుకు నివాసకాలాన్ని ఏడేళ్ల నుండి తిరిగి ఐదేళ్లకు తగ్గించవలెను.

3. 2003లో తొలగించిన మాటలను చట్టంలో పునరుద్ధరించి, భర్తను లేక భార్యను కోల్పోయినవారికి నమోదు హక్కును నిలుపవలెను. ఓ.సి.ఐ. విషయంలోనూ మరణాన్ని అనర్హతగా పరిగణించరాదు.

4. సర్వీసులో మరణించిన ఉద్యోగి విదేశీ భార్యను లేక భర్తను కారుణ్య నియామకానికి అర్హతా పత్రంతో అనుమతించవలెను. లేదా పౌరసత్వం లభించేవరకు ఆ దరఖాస్తును సజీవంగా ఉంచవలెను.

5. 21వ నియమం మూడవ ఉపనియమం క్రింద ఇచ్చిన సమాచారానికి నిర్ణీత గడువులోగా వ్రాతపూర్వకమైన రసీదు ఇవ్వవలెను. సమాచారమిచ్చిన ఉద్యోగిని ఆ కారణంగా వేధించరాదు, బదిలీ చేయరాదు.

6. పొరుగు దేశాలతో సంబంధాలు ఎట్లున్నా, భారత పౌరులైన బిడ్డల తల్లిని గాని తండ్రిని గాని వ్యక్తిగత విచారణ లేకుండా వెళ్లగొట్టరాదు.

కోర్కెలు వ్రాయుటతో మన పని తీరదు. ప్రతి శాఖా కార్యదర్శీ తన పరిధిలో ఇట్టి కుటుంబాలు ఉన్నవేమో విచారించవలెను. వివాహం నమోదైనదా, ప్రభుత్వానికి తెలియజేశారా, రసీదు ఉన్నదా, వీసా గడువు ఎప్పుడు తీరుతుంది, రెండేళ్లు ఎప్పుడు నిండుతాయి, ఏడేళ్లు ఎప్పుడు నిండుతాయి అన్న ఆరు ప్రశ్నలకు జవాబులు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవలెను. ఇందుకు చందా అక్కరలేదు, ఊరేగింపు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, కొంత శ్రద్ధ చాలు. ఆ సార్టర్ భార్య విషయంలో కరవైనవి ఈ రెండే.

1976లో లండన్‌లోని గ్రన్విక్ ఫోటో కర్మాగారంలో ప్రధానంగా దక్షిణాసియా స్త్రీలు జయాబెన్ దేశాయ్ నాయకత్వాన సమ్మెకు దిగినప్పుడు, క్రికిల్‌వుడ్ తపాలా కార్మికులు ఆ కర్మాగారపు టపాను ముట్టబోమన్నారు. అందుకు వారు కష్టాలు కూడా పడ్డారు. ఆ సమ్మె 1978లో గెలుపు లేకుండానే ముగిసినది. అయినా ఆ స్త్రీల పాస్‌పోర్టు ఏ దేశానిదని ఆ తపాలా కార్మికులు అడగలేదన్న మాట చరిత్రలో నిలిచిపోయినది. 1974 మే నెలలో ఇరవై రోజుల రైల్వే సమ్మెలో మన క్వార్టర్ల నుండి సామాను వీధిలో పారవేసినప్పుడు, పిల్లలను చంకనెత్తుకొని నిలబడిన తల్లులను కూడా ఎవరూ ఏ ఊరివారని అడగలేదు.

మన కాలనీలో దీపం పెట్టిన ఇల్లాలు మన మనిషి. ఆమె ఎక్కడ పుట్టినదన్నది ఆమె జ్ఞాపకాలకు సంబంధించినది. ఆమె ఇక్కడ ఎట్లు బ్రతుకుతుందన్నది మన యూనియన్‌కు సంబంధించినది.